పారుకి రెండో సాక్షి

మళ్ళీ అడ్డం పెట్టీసినావు గదా బావా! మూడోసారి! పొద్దున్న టీ తాగుతూ ఫోను సూసుకుంటే ఏటున్నాది? నేను రాసిన మాట పక్కన ఎర్ర గుర్తు. దాని కింద నీ పేరు, తారకేశ్వరరావు అనీసి, పూర్తిగా. నీ పేరు కింద ఒకే ఒక్క ముక్క. 'అబద్ధం.'

అందుకే వొచ్చినాను. నీ గుమ్మం ఎక్కి రెండేళ్ళయ్యింది. నీకు పెళ్ళాం, నాకు అప్ప, ఆవిడ పెద్దకర్మ రోజున ఎక్కినాను, అంతే. జరగక్కర్లేదు, నేనీ మెట్టు మీద కూకుంటాను. నువ్వు నీ వల బాగుసేసుకో. తల ఎత్తకు. నాతో మాట్లాడకు. పదకొండేళ్ళ బట్టీ మాట్లాడనోడివి, ఇయ్యాల నోరు తెరిత్తే నాకే బెంగెట్టుకుంటాది.

సెవులున్నాయి గదా. అవి వల అల్లవు గదా. సాలు.

ఇదిగో, సాయంత్రం అయిదుకి మూసేత్తారంట. అప్పటికి నీ అడ్డం అలాగే ఉంటే ఆ మాటని తీసి పక్కన పడేత్తారు. మూడు దఫాలు తెగని తగువుని నాలుగో దఫాకి ఉంచరు, అది ఆళ్ళ రూలు. స్తుతి ఫోన్ సేసి సెప్పినాది. "నా చేతిలో ఏమీ లేదు బాబాయ్. రెండో సాక్షి సరే అనాలి. ఆ రెండో సాక్షి ఎవరో మీకు తెలుసు" అన్నాది.

తెలవకేటి. ఇప్పుడు నాకు వీపు తిప్పుకుని కూకున్నాడు.

తిప్పుకో, తిప్పుకో. నీ మొహం కన్నా నీ వీపే నాకు బాగా గుర్తు.

ఈ గొడవంతా ఎలగ మొదలయ్యిందో నీకెవరూ సెప్పి ఉండరు. మూడేళ్ళ కిందట ఆ స్తుతి పిల్ల మన రేవులోకి వొచ్చినాది. పిల్లేటి, నలభై దాటినాయి, టెక్కలి కాలేజీలో జంతువుల పాఠం సెప్తాది. ఈ చేపనేటంటారు, ఆ నీటినేటంటారు అని పడవ పడవకీ తిరిగి అడుగుతాంది. ఎవరమ్మా నువ్వంటే, "సాల్మన్ రాజు మాస్టారి అమ్మాయినండి" అన్నాది. మనిద్దరికీ రాత్రి బడిలో అక్షరం ముక్క పెట్టిన మాస్టారు! చర్చి పక్క షెడ్డులో పెట్రోమాక్సు లైటు. సముద్రం మీంచి వొచ్చి ఉప్పు సేతుల్తో పట్టుకుంటే పలక తెల్లగా అయిపోయేది. నా పేరు రాయడానికి నాకు తొమ్మిది రోజులు పట్టినాది. నీకు పద్నాలుగు. నీ పేరు పొడుగు మరి, నిన్నేటీ అనట్లేదు.

"ఏటమ్మా, పుస్తకం వేత్తావా?" అన్నాను. "కాదు బాబాయ్, ఆంటాలజీ" అన్నాది.

అదేటంటే, "డిక్షనరీ అయితే మాటకి అర్థం రాసి వదిలేస్తుంది. ఇది ఏ మాట ఏ మాటకి ఏమవుతుందో రాస్తుంది. ఏది దేని కోవ, ఏది దేనిలో భాగం, ఏది ఎక్కడ బతుకుతుంది, దేన్ని తింటుంది. మనుషులు చదువుకోవచ్చు, కంప్యూటర్లూ చదువుకోవచ్చు. ఇది ఏ కంపెనీదీ కాదు, ఏ సర్కారుదీ కాదు. ఎవరైనా రాయొచ్చు. ఎవరైనా తప్పనొచ్చు. ఎవరైనా ఊరికే తీసుకెళ్ళి వాడుకోవచ్చు" అన్నాది.

నాకెలగ అర్థమయ్యిందంటే, వల. ఒక్కో మాటా ఒక్కో ముడి. ముడికీ ముడికీ మధ్యన దారం. దారం లేని ముడి జారిపోతాది. నార్వే ఓడు ఒక కన్ను అల్లుతాడు, కేరళ ఓడు ఒక కన్ను, వజ్రపుకొత్తూరు ఓడు ఒక కన్ను. వల ఎవడిది అంటే ఎవడిదీ కాదు. రేవులో అలివి వల లాగినట్టే, తాడు పట్టుకున్నోళ్ళందరిదీ.

అయితే ఆ అల్లేవోళ్ళకి అనుమానాలు సూడు, అయ్యబాబోయ్! 'పారు' అని రాసినాను. సముద్రం అడుగున రాళ్ళ గుంపు, దాని సుట్టూ చేప. మనకి తెలిసిందే గదా? ఎవడో దేశం కాని దేశం నుంచి అడిగినాడు: పారు అంటే రాయా, చేపలుండే చోటా? రెండిట్లో ఏ కోవలో పెట్టమంటారు? దాని మీద నెల్లాళ్ళు రాసుకున్నారు బావా, ఒకడికొకడు. ఆఖరికి నాకు ఇసుగొచ్చి రాసినాను: "బాబూ, మీ ఇల్లు ఇటుకా, కాపురమా?" అంతే. అందరూ నోళ్ళు మూసుకుని రెండు కోవల్లోనూ పెట్టేసినారు.

ఎండు నెత్తళ్ళ దగ్గరా అంతే. ఎండిపోయినాక అది చేప కిందికి వొత్తాదా, తిండి కిందికి వొత్తాదా అంట. డెబ్బై రెండేళ్ళకి నేనూ ఎండిపోయినాను, నన్ను మనుషుల్లోంచి తీసేత్తారా అని అడిగినాను.

నవ్వినావా? భుజం కదిలినాది మరి. సర్లే, దోమ అయ్యుంటాది.

ఆళ్ళ రూళ్ళల్లో ఒకటి మాత్రం నాకు నచ్చినాది. తీరం మాట ఏదైనా ఒక్కడు సెప్తే సాలదు. అదే తీరం వాడు, వేరే గడప వాడు, ఇంకొకడు 'సరే' అనాల. అప్పుడే దానికి నంబరు. నంబరు పడ్డాదా, ఇంక సెరపడం లేదు. తప్పని తేలినా పక్కన 'వాడుకలో లేదు' అని రాసి ఉంచుతారు గానీ తుడవరు. ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వరు కూడాను.

అందుకే ఒకటి సెప్పాలి. కోపం తెచ్చుకోకు.

అదే బావా, పట్టుకుంటే పొట్ట బుడగలాగ ఉబ్బించి, ఒళ్ళంతా ముళ్ళు నిక్కబొడుసుకుని, ఏ కూరకీ పనికిరాని చేప ఒకటుంది సూడు. దానికి మీ ఊళ్ళో ఏమంటారని అడిగితే, 'తారకేశ్వరం చేప' అని రాసినాను. పోతాది లే, ఎవడు సరే అంటాడు అనుకున్నాను. రేవులో ఆరుగురు సరే అన్నారు బావా! గంటలో! జోగమ్మకి సదువు రాకపోయినా ఎవరి సేతో రాయించినాది, "మా అత్తగారి కాలం నుంచీ ఇదే పేరు" అనీసి. నంబరు పడిపోనాది. ఇప్పుడు జపానోడి కంప్యూటరుకి కూడా తెలుసు.

సూది అలగ గుచ్చకు, వల సిరిగిపోతాది.

పోనీ, ఇంకోటీ సెప్పేత్తాను. వొచ్చినందుకు.

మొదట్లో నేను రాసినయ్యన్నీ నిజాలే. అప్ప సెప్పేది, నేను రాసేవోణ్ణి. సోమ, గురువారాలు నువ్వు పలాస తీసికెళ్ళేవోడివి, శనివారం నేను. నాలుగ్గంటలు ఆ రక్తం కడిగే మిషను పక్కన కూకోవాలి గదా, ఏటి సేత్తాం? "ఇది రాయి, అది రాయి" అనేది. పెనిమిటి మూడు రోజుల్లో రెండు రోజులు, తమ్ముడు ఒక రోజు, ఇద్దరికీ మాటల్లేవు, మధ్యన ఆవిడ రక్తం గొట్టాల్లో తిరుగుతాంది. "లోకనాథం, నూట నలభై మాటలు రాసినావు, అందులో తొంభై నావి" అని ఏళ్ళు మడిసి సూపించి నవ్వేది. నిజమే. ఎక్కువే అయ్యుంటాయి.

ఒకసారి పొరపాటు పడినాను. నెత్తళ్ళు ఏ నీటికి ఒడ్డుకొత్తాయో, నీరు ఉత్తరానికి పారేటప్పుడో దక్షిణానికి పారేటప్పుడో, తిరగేసి రాసీసినాను. మర్నాడు సూత్తే దాని కింద ఎవరో ఒక ముక్క రాసి ఉన్నారు. 'అబద్ధం.' ఎవడ్రా అని పేరు సూసినాను.

నువ్వు.

ఎనిమిదేళ్ళ తరవాత నువ్వు నాతో అన్న మొదటి మాట బావా అది. మా కొట్టంలో కొబ్బరికాయల కుప్ప మీద కూలబడిపోనాను. 'అబద్ధం' అనిపించుకుని అంత సంబరపడిన ఎదవ ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. ఒత్తు దగ్గర కూడా తడబడకుండా రాసినావు, మాస్టారు సూత్తే మురిసిపోయేవోరు.

నువ్వు ఆ వలలోకి ఎలగ వొచ్చినావో అప్పుడు నాకు తెలవలేదు. తరవాత తెలిసినాది. సోమవారం మిషను పక్కన నీ ఫోను తీసుకుని అప్పే నిన్ను సేర్పించినాదంట గదా? "సూడు, మీ బామ్మర్ది ఏటి రాసినాడో" అనీసి సూపించినాదంట గదా? ఆవిడ ఎర వేసినాది. నువ్వు మింగినావు.

మరి నేను ఆవిడ తమ్ముణ్ణి. ఆగుతానా?

మర్నాడే ఇంకో అబద్ధం రాసినాను. కావాలనే. సొర ఒడ్డుకొచ్చి తాబేలులాగ ఇసకలో గుడ్లు పెడతాది, అనీసి. నువ్వు అరపేజీ రాసినావు! "ఈ మనిషికి సముద్రం తెలీదు. ఈయన మాట ఎవరూ నమ్మకండి. సొర కడుపులోంచి బతికున్న పిల్లల్ని నా చేత్తో తీశాను." పదిసార్లు సదువుకున్నాను. శనివారం అప్పకి సదివి వినిపించినాను. ఎంత నవ్వినాదంటే, నర్సమ్మ వొచ్చి "చెయ్యి కదపకమ్మా" అని కసిరినాది. "ఒకడి గుమ్మానికీ ఒకడి గుమ్మానికీ నలభై అడుగులు. మీ మాటలు మాత్రం దేశాలన్నీ తిరిగి రావాలేటిరా?" అన్నాది.

అలగ వారానికో ఎర. పీతకి పది కాళ్ళు కావు పన్నెండు, అన్నాను. చందువకి పొలుసు రాత్రిపూట రాలి పొద్దున్న మొలుత్తాది, అన్నాను. నువ్వు ఒక్కటి వదిలినావా? ఒక్కటి? ఒకదానికి ఫోటో కూడా తీసి పెట్టినావు, పీత కాళ్ళ పక్కన నంబర్లు వేసి! స్తుతి ఏటన్నాదో తెలుసా? "మీ ఇద్దరి వల్ల మన తీరం మాటలకి ఉన్నంత వివరం ఇంక ఏ తీరానికీ లేదు బాబాయ్. శాస్త్రీయ చర్చ అని అందరూ మెచ్చుకుంటున్నారు" అన్నాది.

శాస్త్రీయ చర్చ! నా అబద్ధం, నీ తిట్టు.

ఒక్కసారి మాత్రం నా ఎర నా గొంతులోనే అడ్డం పడినాది. ఈ మన తగువు పారు మాట పెట్టినప్పుడు గుర్తులు రాయమని ఒక గడి ఉన్నాది. ఏ కొండకీ ఏ తాటికీ ఎదురుగా అనీసి. రాసేత్తే పెద్ద బోట్లోళ్ళు వొచ్చి ఊడుసుకుపోరా? తప్పుడు గుర్తులు రాసినాను. రెండు రోజులకి స్తుతి ఫోను. "బాబాయ్, మ్యాపులో పెట్టి చూశాను. మీ పారు హరిశ్చంద్రపురం రైల్వే స్టేషన్లో తేలింది. ప్లాట్‌ఫారం మీద." ఆ గడిని 'ఊరి సొత్తు' అని రాసి ఖాళీగా వదిలేయొచ్చంట. ముందే సెప్పొచ్చు గదా!

సరే. పారు దగ్గరికి వొచ్చేసినాం. ఇంక సుట్టూ తిప్పను.

టైమెంత? నాలుగూ ఇరవై. సాలు.

నేను పెట్టిన పేరు 'లోకనాథం పారు'. ఊరంతా అదే అంటారు, నువ్వొక్కడివే అనవు. ఎలగంటావు? పదకొండేళ్ళ కిందట అక్కడ రాతికి తగిలి సిరిగింది నీ వల. నెల తిరక్కుండా, సరిగ్గా అక్కడే, గాలం వేసి బొంత చేపలు ఎత్తుకొచ్చింది నేను. పసిపిల్లంతేసి బొంతలు. రేవంతా మూగిపోయి "ఎలగ తెలిసిందిరా?" అంటే, ఇదిగో ఈ బుర్ర, అని వేలితో కొట్టి సూపించినాను. నువ్వు ఊరుకుంటావా? ఈడు నా పడవ వెనకాల వొచ్చి గుర్తులు దొంగిలించినాడని పెద్దల్ని కూకోబెట్టినావు. నన్ను సముద్రంలో ముంచి, తడి బట్టల్తో గంగమ్మ గుడి ముందు నిలబెట్టి, గుప్పిట్లో ఉప్పు పోసి ప్రమాణం సెయ్యమన్నారు.

నేనేటన్నాను? మాట మాటా గుర్తు తెచ్చుకో బావా.

"ఏ మగోడి పడవ వెనకాలా నేను పోలేదు. ఏ మగోడి నోటంటా ఈ పారు సంగతి నేను వినలేదు. అబద్ధమైతే సముద్రం నన్ను ఉంచేసుకోనీ."

పెద్దలు సరే అన్నారు. పారు నాదన్నారు. నువ్వక్కడ గాలం వెయ్యాలంటే నన్నొక మాట అడగాలన్నారు. నువ్వడగలేదు. ఈ తీరంలో అంత మంచి పారు ఇంకోటి లేదని తెలిసీ, పదకొండేళ్ళలో ఒక్క రోజు అడగలేదు. మొండోడివి. నాకన్నా మొండోడివి.

ఏ మగోడి నోటంటానూ, అన్నాను.

అంతమంది పెద్దలు. గుడి సుట్టూ ఊరు ఊరంతా. ఒక్కడికైనా తట్టినాదా, మరి ఆడమనిషి నోటంటా విన్నావేటిరా అని అడగాలనీసి? తట్టదు. పడవెక్కని మనిషికి సముద్రం అడుగున ఏటున్నాదో ఎలగ తెలుత్తాది? నాకు ఆ సంగతి తెలుసు, ఎవరికీ తట్టదని. అందుకే ఉప్పు పట్టుకుని అంత ధైర్యంగా అన్నాను.

సూది ఆగినాది. మంచిది. ఇను మరి.

ఆ రోజు నీ సిరిగిన వలలో పదో పన్నెండో చేపలు మిగిలినాయి. అప్ప కత్తిపీట ముందేసుకుని కోసినాది. మనం పేగులు కాకులకి పారేత్తాం. ఆవిడ కడుపు సీల్చి సూసేది. సిన్నప్పటి నుంచీ అంతే, మా అమ్మ తిట్టేది కూడాను, ఆ కంపులో ఏటి సూత్తావే అనీసి. ఇసక మీద మేసిన చేప కడుపులో ఒకటుంటాది, బురద మీద మేసినదాన్లో ఒకటుంటాది. ఆ రోజు చేపల కడుపుల్లో రాతిని అంటుకుని బతికే సిప్పల ముక్కలు, గోరంత గోరంత ఎర్ర పీతలు. అన్నిట్లోనూ అవే. ఒక్క రాయి దగ్గర మేత్తే అన్ని చేపల్లోనూ ఉండవు గదా? అంటే కింద పెద్ద పారున్నాది. నీ వల తగిలింది దాని అంచుకి.

ఆ సాయంత్రం నేను మీ ఇంటికి ఉప్పుసేప కోసం వొత్తే, ఆకులో పెట్టిన ఆ ఎర్ర పీతల్ని సూపించినాది. "మీ బావ వల ఎక్కడ సిరిగిందో గుర్తులు సెప్తాను. గాలం వేసి సూడు. సీసం టక్కుమని రాతికి తగిలితే నాకో బొంత తెచ్చి పెట్టు" అన్నాది. బావకెందుకు సెప్పలేదే అని అడిగినాను. నవ్వి ఊరుకున్నాది. ఎందుకు నవ్విందో నాకు ఇప్పటికీ తెలవదు.

సీసం టక్కుమన్నాది బావా. ఆ సప్పుడు తాడంటా నా సేతిలోకి వొచ్చినాది. అప్ప సూడకుండా సూసింది, నేను తాకి సూసినాను. నాదంటూ అంతే.

బొంత తెచ్చి పెట్టినాను. పేరు మాత్రం నేను పెట్టేసుకున్నాను.

ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. నువ్వూ నేనూ మాటలు మానేసినప్పుడైనా, "నేనే సెప్పినాను" అని ఒక్క మాట అంటే తగువు తెగిపోయేది. అనలేదు. ఒక శనివారం నేనే ఉండబట్టలేక, "బావకి సెప్పేద్దునా?" అని అడిగినాను. "నువ్వు సెప్తావా?" అన్నాది, నా మొహంలోకి సూసి. నేను కిటికీలోంచి బయటికి సూసినాను. అంతే. మళ్ళీ ఎత్తలేదు. నెత్తళ్ళ గురించి సెప్పడం మొదలెట్టినాది.

మరి ఇప్పుడెందుకు సెప్తన్నావురా అంటావు. అనవు లే, నేనే అనుకుంటాను.

స్తుతి వల్ల. గురువారం నాడు ఒక ముక్క రాసి పంపినాది. "బాబాయ్, పడవ మీంచి చూస్తే నీళ్ళే కనబడతాయి కదా. కింద పారు ఉందని మొదట ఎలా తెలిసింది? ఎవరి ద్వారా? ఒక్క వాక్యం రాయండి, ఆధారం గడి ఖాళీగా ఉంది" అనీసి. తొంభై మాటలకి ఆ గడిలో 'మా అప్ప తవిటమ్మ' అని రాసినోణ్ణి, దీనికొక్కదానికే వదిలేసినాను.

'సొంతంగా' అని రాద్దామనుకున్నాను. మూడక్షరాలు. మూడు రోజులు ఫోను పట్టుకు తిరిగినాను. సొర గుడ్ల గురించి పేజీలు రాసిన సెయ్యి అక్కడ ఆగిపోనాది. ఎందుకంటే, ఆ అబద్ధాలకి నువ్వున్నావు, పొద్దున్నే లేచి సరిదిద్దడానికి. దీన్ని సరిదిద్దే మనిషి లేదు. కొబ్బరితోట అవతల మన్నయిపోనాది. నంబరు పడిపోతే పడిపోయినట్టే.

నీ ఎర్ర గుర్తు సూసినాక, ఇయ్యాల పొద్దున్న రాసినాను. కళ్ళజోడు పెట్టుకుంటాను ఉండు, సదువుతాను.

"లోకనాథం పారు: వాడుకలో లేదు. సరైన పేరు: తవిటమ్మ పారు. కోవ: సముద్రం అడుగున రాయి, చేపలుండే చోటు. గుర్తులు: ఊరి సొత్తు. ఆధారం: తవిటమ్మ పడవ ఎక్కకుండా, చేప కడుపు కోసి చూసి కనిపెట్టినది. ఆవిడ చెప్తే నేను వెళ్ళి తాకి చూశాను. ఇన్నాళ్ళూ నా పేరు చెప్పుకున్నాను. — లోకనాథం."

ఇదీ సంగతి. నీకు ఇంకా కనబడి ఉండదు, నువ్వు అబద్ధం అని పెట్టి ఫోను మూసీసుంటావు.

రేపు ఊరంతా తెలుత్తాది. ఉప్పు పట్టుకుని అమ్మోరి ముందే తెలివితేటలు సూపించినాడని జోగమ్మ నా మొహాన్నే ఉమ్మేత్తాది. పెద్దలు మళ్ళీ పిలుత్తారు. పిలవనీ. సముద్రం నన్ను ఉంచుకోలేదు గదా, ఊరెలగ ఉంచుకోదో సూత్తాను. మోకాళ్ళు పోయి నాలుగేళ్ళయ్యింది పడవెక్కి, పారు నాకు ఇంకేటి పెట్టాలి?

నాకు ఒక్కటే కావాలి. అక్కడ వల తగిలించుకున్న మనిషివి నువ్వొక్కడివి. ఆ గుర్తులు తెలిసినోడివి నువ్వొక్కడివి. నువ్వు 'సరే' అంటే నంబరు పడతాది. అనకపోతే అయిదుకి తీసి పారేత్తారు, ఆవిడ పేరు ఎక్కడా ఉండదు. నా మీద కోపం పదకొండేళ్ళు దాచుకున్నావు, ఇంకో పదకొండేళ్ళు దాచుకో, నేనొద్దన్నానా? ఆవిడ మీద తియ్యకు.

నాలుగూ నలభై.

ఏటి, లేత్తన్నావు? ఎక్కడికి? బావా! వల మీద కాలేసినావు, సూసుకో. లోపలికెళ్ళిపోతన్నావేటి? ఓరి నీ... తలుపేసీసినాడు!

బాగుంది. బాగుంది మరి. తలుపుతో మాట్లాడమంటావా? తలుపుకి నీకన్నా మర్యాదున్నాది, ఎదురుగా నిలబడి వింటాది. ఇదిగో, నేను పోను. అయిదు దాకా ఈ మెట్టు మీదే కూకుంటాను. నీ వల నేను కుట్టేత్తాను, ఈ కన్ను సూడు, ఎంత వంకరగా అల్లినావో. మాస్టారి పలక మీద నీ 'తా' ఇలాగే ఉండేది...

ఉండు. నా ఫోను మోగినాది.

పచ్చ గుర్తు.

బావా! పచ్చ గుర్తు! సరే అన్నావా? కింద ఏదో రాసినావు, ఆధారం గడిలో... ఈ ఎండకి కనబడదు... ఉండు, ఉండు, నీడకి తిప్పుకుంటాను.

"నిజం. మొదట నాకే చెప్పింది. నేను నవ్వాను."

...

మొదట నీకే సెప్పినాదా?

అయితే ఆ వేళ గుడి ముందు... నేను ఉప్పు పట్టుకుని 'ఏ మగోడి నోటంటానూ' అన్నప్పుడు... అంతమందిలో నీకొక్కడికి తెలిసిపోనాదా? తల దించుకుని ఇంటికెళ్ళిపోనావు. ఓడిపోయినందుకనుకున్నాను. కోపమనుకున్నాను. పదకొండేళ్ళు అదే అనుకున్నాను గదయ్యా!

మూడుసార్లు అడ్డం పెట్టినావు, ఒక్కసారైనా నీ పేరు పెట్టమన్నావా? లేదు. 'అబద్ధం' అన్నావు, అంతే. అబద్ధమే మరి. నేను నాకు తెలిసి రాత్తన్నాను, నువ్వు నీకు తెలిసి కాదంటన్నావు, నిజం మాత్రం ఇద్దరిలో ఒక్కడూ రాయలేదు. ఆవిడ సోమవారం నీ మొహం సూసి నవ్వేది, శనివారం నా మొహం సూసి నవ్వేది. ఇప్పుడు తెలిసినాది ఎందుకో.

బావా. తలుపు తియ్యి.

తియ్యవా? ఏడుత్తన్నావేటి? ముసలి ఎదవా, ఏడిత్తే ఏడు గానీ గడియ తీసి ఏడు.

ఇదేటి, ఇంకో మోత! ఇప్పుడేటి రాసినావు?

"తారకేశ్వరం చేప అనే దానికి ఇంకో పేరు: లోకనాథం చేప. ఆధారం: ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి."

ఓరి నీ దుంపతెగా! సూసీసినావన్నమాట ఆ ముళ్ళ చేపని! ఎప్పుడు సూసినావు? ఇన్నాళ్ళూ దాచుకుని... దీనికి రెండో సాక్షి కావాలంట. వేరే గడప వాడు కావాలంట. ఎవడు సరే అంటాడు నీ మొహం?

...

నొక్కీసినాను, పో.

పడిపోనాది నంబరు. మంచి పారు ఆవిడది. కూరకి పనికిరాని చేప మనిద్దరిదీను. ఇంక ఎవడూ సెరపలేడు.

నేనెళ్తన్నాను. మాట్లాడకు, మాట్లాడమని బతిమాలను. రేపు పొద్దున్న రాత్తాను సూసుకో: టేకు చేప వెన్నెల్లో కొబ్బరి చెట్టెక్కుతాది, అనీసి. తెల్లారేసరికి నీ అబద్ధం అక్కడ ఉండాల. లేదంటే నేనే వొచ్చి ఈ తలుపు బద్దలుగొడతాను.